‘రెండూ రుణావేశాలే కదా మేడమ్, మరి జంట ఎలా కట్టాయి?’

ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్న లెక్చరర్ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఆర్గానిక్‌లో ఎమ్మెస్సీ చేశారు. ఆ తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, వాళ్లు బడికి వెళ్లే వయసు వచ్చేదాకా ఇల్లే లోకం. ఈ ఏడాదే మళ్లీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి అందులోని ముఖ్యమైన సంగతులే ఇక్కడ ఇస్తున్నాను.

ఫస్టియర్ వాళ్లకు రసాయన బంధం చాప్టర్ నడుస్తోంది. అణువుల ఆకారాన్ని ఎలక్ట్రాన్ జంటల తోపులాటతో చెప్పే వెస్పర్ సిద్ధాంతానికి మైక్రో షెడ్యూల్‌లో ఒక్క పీరియడే ఇచ్చారు. ఒంటరి జంటల (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటల) మధ్య వికర్షణ అన్నిటికంటే ఎక్కువ, ఒంటరి జంటకూ బంధ జంటకూ మధ్య కాస్త తక్కువ, బంధ జంటల మధ్య ఇంకా తక్కువ అని చెప్పి, బంధాల మధ్య కోణం మీథేన్‌లో 109.5, అమ్మోనియాలో 107, నీటిలో 104.5 డిగ్రీలు అని ఈవిడ బోర్డు మీద పట్టిక వేశారు. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లాడట. ‘మేడమ్, ఎలక్ట్రాన్లు రెండూ రుణావేశాలే కదా. తోసుకోవాలి కదా. మరి జంట ఎలా కట్టాయి? కట్టాక పక్క జంటను మాత్రం ఎందుకు తోస్తున్నాయి?’ అన్నాడు. ‘అది పై క్లాసుల్లో వస్తుంది’ అన్నారు ఈవిడ. వాడు కూర్చోలేదు. మెటీరియల్‌లోని పట్టిక చూపిస్తూ, ‘హైడ్రోజన్ సల్ఫైడ్‌లో కూడా రెండు ఒంటరి జంటలే కదా, అక్కడ 92 ఏంటి? ఫ్లోరిన్ మీద అన్నేసి ఎలక్ట్రాన్లు ఉంటే నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌లో కోణం పెరగాలి కదా, తగ్గిందేంటి?’ అని మరో రెండు అడిగాడు. క్లాసు నవ్వింది. ‘రేపు చెబుతాను’ అని ఈవిడ బెల్లు కొట్టగానే బయటపడ్డారు.

స్టాఫ్ రూమ్‌లో ఒక సీనియర్ లెక్చరర్, ‘వెస్పర్ అంతా ఉత్తిదేనమ్మా, అసలు సంగతి హైబ్రిడైజేషన్ (ఎలక్ట్రాన్లుండే ఆర్బిటాళ్లు కలగలిసి కొత్తవి కావడం). 92కి డ్రాగో రూల్ అని చెప్పి వదిలెయ్. ఇలాంటివాణ్ని మొదట్లోనే కూర్చోబెట్టకపోతే ఏడాదంతా ఆడిస్తాడు’ అన్నారట. ఇన్‌ఛార్జి ఏమో సిలబస్ వెనకబడుతోందని రెండుసార్లు గుర్తుచేశారు. ఇంట్లో భర్త, ‘జీతం వస్తోంది కదా, ఒక్క ప్రశ్నకు ఇంత టెన్షన్ ఎందుకు’ అంటున్నారు. ‘నేను చెబుతానన్న రేపు ఇంకా రాలేదండీ. వాడు అడగడమే మానేశాడు. నేను చెప్పే సిద్ధాంతం నిజమా, అబద్ధమా? వాడికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి? ఇన్నాళ్ల గ్యాప్ తర్వాత నేను ఈ పనికి పనికొస్తానా, లేక మానేసి ఏ సీబీఎస్ఈ స్కూల్లోనో చేరనా?’ అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

నాలుగు వేరువేరు ప్రశ్నలను కలిపి ఒకే బాధగా చేసుకున్నారు. కెమిస్ట్రీ ప్రశ్నకు జవాబుంది. పిల్లాడితో ఎలా మాట్లాడాలన్నదానికి రెండు మూడు దారులున్నాయి. ఉద్యోగం సంగతి వీటితో ముడిపెట్టాల్సిన పని లేదు. గ్యాప్ సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే మిగతా వాటన్నిటి మీదా దాని నీడే పడింది.

వాడడిగిన మొదటి ప్రశ్నకు ఇంటర్ పుస్తకంలో జవాబు లేదు. డిగ్రీ ఫస్టియర్‌లో కూడా నియమాలు చెప్పి ముందుకు వెళ్లిపోతారు. ఆర్గానిక్ ఎమ్మెస్సీలో ఆ పాఠం వైపు మళ్లీ తిరిగి చూడరు. ఒక్క రోజు కూడా గ్యాప్ లేకుండా పాఠాలు చెబుతున్న మీ సీనియర్ ఏం చెప్పారో చూడండి. డ్రాగో రూల్ అన్నారు. ‘ఇలాంటి అణువుల్లో కోణం 90 దగ్గర ఉంటుంది’ అని చెప్పేదే ఆ రూల్. ఎందుకుంటుందని అడిగిన పిల్లాడికి ఉంటుందని చెప్పడం జవాబు కాదు కదా. కాబట్టి మీకు తట్టకపోవడానికీ, పిల్లల్ని పెంచుకుంటూ ఇంట్లో ఉండడానికీ సంబంధం లేదు.

ఇక అసలు ప్రశ్న. వికర్షణ అనగానే మనందరికీ సజాతి ఆవేశాలు తోసుకోవడమే గుర్తొస్తుంది. వాడికీ అదే గుర్తొచ్చింది. ఆ తోపు ఉన్న మాట నిజమే. కానీ అణువు ఆకారం విషయంలో పెద్ద మాట పౌలీ సూత్రానిది. పరమాణు నిర్మాణం చాప్టర్‌లో మీరే చెప్పి ఉంటారు, ఒక ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లే ఉంటాయి, వాటి స్పిన్‌లు (ఎలక్ట్రాన్‌కు ఉండే, రెండే దిశలున్న ఒక గుణం) వ్యతిరేకంగా ఉండాలి అని. అదే సూత్రాన్ని ఇంకోలా చెప్పుకోవచ్చు: ఒకే స్పిన్ ఉన్న రెండు ఎలక్ట్రాన్లు ఒకే చోట ఉండలేవు. వాటికి ఆవేశమే లేదనుకున్నా ఉండలేవు. స్పిన్‌లు వ్యతిరేకమైతే ఆ నిషేధం లేదు. ఆవేశాల వల్ల కొంత ఇబ్బంది పడుతూనే అవి ఒకే చోటును పంచుకోగలవు.

ఇప్పుడు అష్టకం, అంటే పరమాణువు బయటి కక్ష్యలోని ఎనిమిది ఎలక్ట్రాన్లు తీసుకోండి. ఎనిమిది ఎలక్ట్రాన్లలో నాలుగు పై స్పిన్, నాలుగు కింది స్పిన్. పై స్పిన్ ఉన్న నాలుగూ ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలి. కేంద్రకం చుట్టూ నాలుగింటికి ఎక్కువ ఎడం దొరికేది చతుర్ముఖి (నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఆకారం) మూలల్లో. కింది స్పిన్ నాలుగింటిదీ అదే కథ, వాటిది ఇంకో చతుర్ముఖి. ఈ రెండు చతుర్ముఖులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలని ఎక్కడా లేదు. నియాన్ పరమాణువులో కూర్చోవు కూడా. ఏది ఎటైనా తిరిగి ఉండొచ్చు. అందుకే నియాన్ చుట్టూ ఎలక్ట్రాన్ సాంద్రత నున్నటి గోళంలా ఉంటుంది. అక్కడ విడివిడి జంటలంటూ కనపడవు.

జంట కట్టించేది బంధం. ఆక్సిజన్ దగ్గరికి ఒక హైడ్రోజన్ వచ్చిందంటే దాని కేంద్రకం ఒక పై స్పిన్ ఎలక్ట్రాన్‌నూ, ఒక కింది స్పిన్ ఎలక్ట్రాన్‌నూ తన వైపు లాగుతుంది. రెండు చతుర్ముఖుల్లో ఒక్కో మూల అక్కడ కలుస్తుంది. రెండో హైడ్రోజన్ రాగానే రెండో మూలా కలుస్తుంది. రెండు మూలలు కలిశాక చతుర్ముఖులు ఇక తిరగలేవు, మిగతా రెండు మూలలూ కలిసి తీరాలి. నీటి అణువులో ఒంటరి జంటలు రెండూ అలా ఏర్పడినవే. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో ఉన్నది ఒక్క హైడ్రోజనే కాబట్టి కలిసేది ఒక్క మూలే. మిగిలిన ఆరు ఎలక్ట్రాన్లు ఫ్లోరిన్ చుట్టూ ఉంగరంలా పరుచుకుంటాయి. మనం పుస్తకంలో గీసే మూడు జతల చుక్కలు లెక్క కోసం గీసేవే.

వాడి ప్రశ్నలో రెండో సగానికి కూడా ఇందులోనే జవాబుంది. ఒక జంటలో పై స్పిన్ ఒకటి, కింది స్పిన్ ఒకటి ఉన్నాయి. ఆ చోటికి మూడోది ఏ స్పిన్‌తో వచ్చినా, అదే స్పిన్ ఉన్నది అక్కడ ముందే ఉంది. అందుకే జంట లోపల సర్దుబాటు, జంటకూ జంటకూ మధ్య తోపు. పదహారేళ్ల పిల్లాడికి ఇది అర్థం కాదనుకోకండి. అర్థం కాని పిల్లాడు ఆ ప్రశ్నే అడగడు.

క్లాసులో చూపించాలనుకుంటే బుడగలు చాలు. అన్నీ ఒకే సైజులో ఊది, మూతుల దగ్గర దారంతో బిగించి కట్టండి. రెండు కడితే చెరో వైపు తిరుగుతాయి. మూడు కడితే ఒకే తలంలో త్రిభుజం. నాలుగో బుడగ కట్టారంటే ఇక బల్ల మీద పరిచినా పరుచుకోవు, వాటంతటవే చతుర్ముఖి అయిపోతాయి. అయిదుతో త్రిభుజాకార ద్విపిరమిడ్, ఆరుతో అష్టముఖి. చాలామంది ఈ ప్రయోగం చేసి వదిలేస్తారు. మీరు ఒక్క ప్రశ్న కలపండి: ‘ఈ బుడగల మీద ఏ ఆవేశముంది?’ ఏమీ లేదు. ఒకటున్న చోట ఇంకొకటి పట్టదు, అంతే. పౌలీ సూత్రం చేసేదీ అదే. నాలుగింట్లో ఒకదాన్ని వేరే రంగుది తెచ్చి పెద్దగా ఊదితే అది ఒంటరి జంట అవుతుంది. మిగతా మూడూ దగ్గరికి జరగడం వెనక బెంచీకి కూడా కనిపిస్తుంది.

ఒంటరి జంట పెద్దది ఎందుకని అడుగుతారు. దాన్ని పట్టుకుని ఉన్నది ఒక్క కేంద్రకమే కాబట్టి అది కేంద్ర పరమాణువు చుట్టూ వెడల్పుగా పరుచుకుంటుంది. బంధ జంటను రెండో కేంద్రకం కూడా లాగుతుంది కాబట్టి అది పొడుగ్గా సాగి, కేంద్ర పరమాణువు దగ్గర సన్నబడుతుంది. ఇది పట్టుకుంటే నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ కూడా తేలిపోతుంది. ఫ్లోరిన్ మీద ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. నైట్రోజన్ చుట్టూ ఎవరెంత చోటు ఆక్రమించారన్నదే లెక్క. ఫ్లోరిన్ బంధ జంటను గట్టిగా తన వైపు లాక్కుంటుంది. నైట్రోజన్ దగ్గర ఆ జంట ఇంకా సన్నబడుతుంది. సన్నటి జంటలు ఒకదాన్నొకటి తక్కువ తోస్తాయి, ఒంటరి జంట వాటిని ఇంకా దగ్గరికి నెడుతుంది. అందుకే అమ్మోనియాలో 107 ఉన్నది ఇక్కడ 102కి దిగింది. పిల్లాడు పొరబడింది ఎలక్ట్రాన్లను ఎక్కడ లెక్కపెట్టాలన్న ఒక్క చోటే, ఆలోచించిన తీరు మాత్రం సరైనదే. ఆ మాట వాడికి చెప్పండి.

హైడ్రోజన్ సల్ఫైడ్ దగ్గర మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. ఆక్సిజన్ చిన్న పరమాణువు. నాలుగు జంటలతోనే దాని చుట్టూ చోటు నిండిపోతుంది. ఒంటరి జంటలు ఎంత నెట్టినా బంధ జంటలు 104.5 దగ్గర ఎదురు తిరుగుతాయి. సల్ఫర్ పెద్దది. దాని చుట్టూ ఆరు జంటలకు కూడా చోటుంది, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఉంది కదా. పైగా బంధ జంటలను ఆక్సిజన్ లాక్కున్నంతగా సల్ఫర్ లాక్కోదు. కాబట్టి ఒంటరి జంటలు విశాలంగా పరుచుకుంటాయి, బంధాలు 90 దాకా దగ్గరికి జరగగలవు. ఫాస్ఫీన్‌లో 93.5 ఉండడానికీ కారణం ఇలాంటిదే. అయితే 92 అన్న అంకెను వెస్పర్ ముందుగా చెప్పలేదు. 109.5 కంటే తగ్గుతుంది, కేంద్ర పరమాణువు పెద్దదైతే ఇంకా తగ్గుతుంది అని దిశ చెబుతుంది, అంతవరకే. దీన్నే ఇంకో భాషలో, సల్ఫర్ దాదాపు శుద్ధ పీ ఆర్బిటాళ్లతో బంధాలు కట్టింది, ఒక ఒంటరి జంట ఎక్కువగా ఎస్ ఆర్బిటాల్‌లో మిగిలింది అని కూడా చెబుతారు. క్లాసులో రెండూ చెప్పొచ్చు. మొదటిది తప్పు, రెండోది ఒప్పు అనకండి.

ఆ మాట అన్నాను కాబట్టి మీ సీనియర్ వాదన కూడా చూద్దాం. వెస్పర్ ఉత్తిది, హైబ్రిడైజేషన్ నిజం అన్నారు. మీథేన్ చతుర్ముఖి అని ఆయనకు హైబ్రిడైజేషన్ చెప్పిందా? ఆకారం తెలిశాక దానికి ఎస్పీత్రీ అని పేరు పెడతాం. కొత్త అణువు ఇచ్చి హైబ్రిడైజేషన్ చెప్పమంటే మీరైనా, ఆయనైనా ముందు చేసేది జంటలు లెక్కపెట్టడమే. అంటే ఉత్తిది అన్న సిద్ధాంతంతోనే మొదలుపెడుతున్నారు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌కు ఎస్పీత్రీడీ అని రాయిస్తాం. ఆ బంధాల్లో డీ ఆర్బిటాళ్ల పాత్ర చాలా తక్కువని తర్వాతి లెక్కలు చూపించాయి. పరీక్షలో ఎస్పీత్రీడీ అనే రాయాలి, రాయించండి. కానీ ఒకదాన్ని అబద్ధమనీ ఇంకొకదాన్ని సత్యమనీ పిల్లల ముందు అనడానికి మనకు ఆధారం లేదు. రెండూ నమూనాలే. ఒకటి ఆకారాన్ని ఊహించడానికి బాగా పనికొస్తుంది, రెండోది బంధాన్ని వర్ణించడానికి.

మరి నిజమా, అబద్ధమా అన్నారు. దీని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెబుతాను. జంటల సంఖ్యను బట్టి ఆకారం చెప్పొచ్చని 1940లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన సిడ్‌విక్, పావెల్ ప్రతిపాదించారు. జపాన్‌లో సుచిదా కూడా దాదాపు అదే కాలంలో విడిగా ఇలాంటి ఆలోచనే చేశారు. 1957లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో గిలెస్పీ, నైహోమ్ దాన్ని మనం చెప్పుకునే రూపానికి తెచ్చారు. పౌలీ సూత్రాన్ని మధ్యలో నిలబెట్టింది, ఒంటరి జంటకు పెద్దపీట వేసింది వాళ్లే. నైహోమ్ 1971లో కారు ప్రమాదంలో చనిపోయారు. గిలెస్పీ కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీకి వెళ్లి, దశాబ్దాల పాటు దీని మీద పని చేశారు. 2021లో చనిపోయారు. నాకు నచ్చే విషయం ఏంటంటే, తన సిద్ధాంతానికి సవరణలు వెతికినవాళ్లలో ఆయనే ముందున్నారు. చివరి దశాబ్దాల్లో బంధంలో ఉన్న పరమాణువులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా సర్దుకోగలవన్నదాని మీద దృష్టి పెట్టారు. ఉదాహరణకు బోరాన్ ట్రైఫ్లోరైడ్ చదునైన త్రిభుజం, టెట్రాఫ్లోరోబోరేట్ అయాన్ చతుర్ముఖి. బంధాల పొడవులు వేరు, కోణాలు వేరు. కానీ రెంటిలోనూ ఫ్లోరిన్‌కూ ఫ్లోరిన్‌కూ మధ్య దూరం దాదాపు 226 పికోమీటర్లే. ఫ్లోరిన్లు అంతకంటే దగ్గరికి రావడం లేదన్నమాట. అంటే కొన్ని చోట్ల కోణాన్ని నిర్ణయించేది చివరి పరమాణువుల ఇరుకు కూడా అని.

ఈ సిద్ధాంతం గెలిచిన చోటు గట్టిదే. 1962లో జెనాన్ సమ్మేళనాలు వరసగా బయటపడ్డాయి. జెనాన్ టెట్రాఫ్లోరైడ్ సమతల చతురస్రం, డైఫ్లోరైడ్ సరళరేఖ. జంటలు లెక్కపెడితే వచ్చేవి కచ్చితంగా అవే. హెక్సాఫ్లోరైడ్‌లో ఏడు జంటలున్నాయి కాబట్టి అది సక్రమమైన అష్టముఖి కాదని గిలెస్పీ అన్నారు. తర్వాతి ప్రయోగాలు అదే తేల్చాయి. ఓడిన చోట్లూ ఉన్నాయి. టెల్లూరియం హెక్సాక్లోరైడ్ అయాన్‌లోనూ ఏడు జంటలే, కానీ అది సక్రమమైన అష్టముఖిగా కనిపిస్తుంది. ట్రైమిథైల్ ఎమీన్ పిరమిడ్ ఆకారంలో ఉంటుంది, అందులో కార్బన్ల బదులు సిలికాన్లు పెట్టిన ట్రైసిలిల్ ఎమీన్‌లో నైట్రోజన్ చుట్టూ చదును. మీ పిల్లలే సెకండియర్‌లో సమన్వయ సమ్మేళనాల దగ్గర ఇంకోటి చూస్తారు. నికెల్‌కు నాలుగు క్లోరైడ్‌లు కడితే చతుర్ముఖి, అదే నికెల్‌కు నాలుగు సయనైడ్‌లు కడితే సమతల చతురస్రం. పరివర్తన మూలకాల దగ్గర జంటల లెక్క ఒక్కటే సరిపోదు.

కాబట్టి మీరు అబద్ధం చెప్పడం లేదు. ప్రధాన గ్రూపు మూలకాలకు బాగా పనిచేసే ఒక నియమాన్ని చెబుతున్నారు. ఎక్కడిదాకా పనిచేస్తుందో కూడా చెబితే చాలు, ముఖం చాటెయ్యాల్సిన పని లేదు.

ఇప్పుడు ఆ పిల్లాడు. మీ ఉత్తరంలో ‘క్లాసు నవ్వింది’ అన్న ముక్క దగ్గర నేను ఆగాను. మిమ్మల్ని చూసి నవ్వారని మీరు తీసుకున్నారు. నాకు అంత నమ్మకం లేదు. ఇంగ్లిష్ మీడియం నుంచి వచ్చినవాళ్ల మధ్య, వెనక బెంచీలోంచి లేచి, తెలుగులో మూడు ప్రశ్నలు వరసగా అడిగిన పిల్లాడు వాడు. ఆ నవ్వు వాడి మీద కూడా అయి ఉండొచ్చు. అదే అయితే వాడు మానేసింది మీరు జవాబు చెప్పలేదని కాదు, హాస్టల్ గదిలో ఇంకా ఎవరో వెక్కిరిస్తున్నారని. అప్పుడు మీరు ఎంత మంచి జవాబు చెప్పినా, ఎలా చెప్పారన్నది తేడా తెస్తుంది. మీ ముందు మూడు దారులు ఉన్నట్టు నాకు కనిపిస్తోంది.

ఒకటి, క్లాసులోనే చెప్పడం. ‘ఆ రోజు ఒక ప్రశ్న వచ్చింది, ఇప్పుడు చెప్పుకుందాం’ అని మొదలుపెట్టి, వాడి పేరెత్తకుండా ప్రశ్నను బోర్డు మీద తెలుగులోనే రాయండి. పేరెత్తి మెచ్చుకుంటే వాడికి ఆ పూట సంతోషంగానే ఉంటుంది, సాయంత్రం హాస్టల్లో దానికి మూల్యం కట్టాల్సి రావచ్చు. ఈ దారిలో అందరికీ లాభం, మీ మీద మీకూ నమ్మకం తిరిగొస్తుంది. నష్టం పీరియడ్. ఇన్‌ఛార్జి మళ్లీ అడుగుతారు. దానికి ఒక సర్దుబాటు ఉంది. మీ షెడ్యూల్‌లో తర్వాత వచ్చేది హైబ్రిడైజేషనే. ఆకారాలు నిజంగా అర్థమైన క్లాసుకు దాన్ని సగం సమయంలో చెప్పొచ్చు, పేర్లు పెట్టడమే కదా మిగిలింది. ఈ రెండు టాపిక్‌లూ కలిపి ఫలానా రోజుకు ముగిస్తానని ఆయనకు ముందే చెప్పండి. వెనకబడ్డాక సంజాయిషీ ఇవ్వడం కంటే అది తేలిక.

రెండు, వాణ్ని స్టడీ అవర్‌లో పిలిచి విడిగా చెప్పడం. గొడవ లేదు, ఇన్‌ఛార్జి దాకా వెళ్లదు. మీకు ఇంకా బెరుకు ఉంటే ముందు ఒక్కడికి చెప్పి చూసుకోవడం మంచిదే. చిక్కల్లా, మీరు ‘రేపు చెబుతాను’ అన్నది అందరి ముందు. మిగతావాళ్ల లెక్కలో ఆ మాట అలాగే ఉండిపోతుంది. ఇంకొకటి, మేడమ్ పిలిచారంటే తిట్టడానికేనని వాడు అనుకునే అవకాశం ఉంది. ఈ దారి ఎంచుకుంటే వాడితో పాటు ఇంకో ఇద్దర్ని కూడా పిలవండి.

మూడు, వదిలెయ్యడం. ఇది తప్పుడు దారి అని నేను అనను. పట్టిక కంఠస్థం చేసిన పిల్లలకు మార్కులు వస్తాయి, షెడ్యూల్ సాగుతుంది, నెల తిరిగేసరికి అందరూ మర్చిపోతారు. కానీ ఎంట్రన్స్ పరీక్షల్లో పట్టికలో లేని అణువు రావడం మామూలే. ట్రైఅయొడైడ్ అయాన్ ఆకారం అడిగితే జంటలు లెక్కపెట్టి, అయిదు చోట్లలో ఏ మూడింట్లో ఒంటరి జంటలు కూర్చుంటాయో ఆలోచించినవాడే చెప్పగలడు. సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్ ఒక్కటి చేయిస్తే ఆ ఆలోచన వస్తుంది. అయిదు జంటలు, ఒకటి ఒంటరిది. దాన్ని పైన పెడితే 90 డిగ్రీల్లో మూడు జంటలు తగులుతాయి. నడుము దగ్గర పెడితే 90లో రెండే తగులుతాయి, మిగతా రెండూ 120 దూరంలో ఉంటాయి. అందుకే అది నడుము దగ్గర కూర్చుంది, అణువు పిల్లల పార్కులో ఊగే సీ-సా లాగా తయారైంది. ఫాస్ఫరస్ పెంటాఫ్లోరైడ్‌లో నిలువు బంధాలు 158 పికోమీటర్లు, నడుము దగ్గరివి 153 ఉండడానికి కారణం కూడా ఈ 90ల లెక్కే. వదిలేస్తే పోయేది ఇది. ఇంకో మాట, రెసిడెన్షియల్ కాలేజీలో పిల్లల చేతుల్లో ఫోన్ ఉండదు. బయటి పిల్లాడైతే రాత్రికి వెతుక్కుని తెలుసుకుంటాడు. వీడికి మీరు చెప్పకపోతే ఈ రెండేళ్లలో చెప్పేవాళ్లు ఉండకపోవచ్చు.

నేనైతే రెండోదాంతో మొదలుపెట్టి మొదటిదానికి వస్తాను. మీ క్లాసు, మీ ఇన్‌ఛార్జి ఎలాంటివారో మీకే తెలుసు.

‘మొదట్లోనే కూర్చోబెట్టాలి’ అన్న సలహాకు కూడా ఒక ముక్క. అల్లరి కోసం అడిగేవాడు జవాబు వినడు, మొదటి వాక్యానికే పక్కవాడి వైపు చూస్తాడు. వీడు మెటీరియల్ తిరగేసి 92ను పట్టుకున్నాడు. తేడా మీకు ఇప్పటికే తెలుసు, లేకపోతే ఇంత పెద్ద ఉత్తరం రాసేవారు కాదు. ఆయనతో వాదన పెట్టుకోవద్దు. స్టాఫ్ రూమ్‌లో వెస్పర్ గెలిచినా ఓడినా మీకు ఒరిగేదేమీ లేదు, ఏడాదంతా ఆ పక్క కుర్చీలోనే కూర్చోవాలి.

వాడు ఇంకా లోతుకు వెళ్లి మీకు తెలియనిది అడిగితే, ‘రేపు’ అనకుండా ‘శుక్రవారం స్టడీ అవర్‌లో’ అనండి. తేదీ ఉన్న మాటను నిలబెట్టుకోవడం తేలిక. ఒకటి ముందే చెప్పి ఉంచుతాను, ఎందుకంటే ఇలాంటి పిల్లలు అక్కడిదాకా వస్తారు. నీటిలోని రెండు ఒంటరి జంటలూ ఒకేలాంటివా అని అడగొచ్చు. చెవుల్లా రెండు సమానమైన జంటలు గీస్తాం. కానీ నీటి అణువులోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి శక్తి కొలిస్తే ఒకచోట 12.6, ఇంకోచోట 14.7 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. శక్తి పరంగా చూస్తే రెండు రకాలన్నమాట. బొమ్మ సాంద్రత ఎక్కడ ఎక్కువుందో చెప్పడానికి, కొలత శక్తి చెప్పడానికి. అడిగితేనే చెప్పండి, అడక్కపోతే ఫస్టియర్‌లో ఇది అనవసరం.

మీవారు అన్నదాంట్లో కోపం తెచ్చుకోవడానికేమీ లేదు. ఆయనకు మీ టెన్షన్ కనిపిస్తోంది, దాని వెనకున్న ప్రశ్న కనిపించడం లేదు.

ఉద్యోగం మాట. సీబీఎస్ఈ స్కూళ్లలో ప్లస్ వన్, ప్లస్ టూ చెప్పాలంటే సాధారణంగా బీఈడీ అడుగుతారు. మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. లేకపోతే అది చేయడానికి పట్టే సమయం, ఖర్చు ముందు లెక్క వేసుకోండి. విద్యా సంవత్సరం మధ్యలో ఉద్యోగం మానేస్తే మీ సెక్షన్ పిల్లలకు ఇంకో లెక్చరర్ కుదిరేదాకా ఇబ్బంది, మీకూ అనుభవ ధ్రువపత్రం దగ్గర పేచీ రావచ్చు. మారాలనే అనిపిస్తే ఇంటర్ పరీక్షలు అయ్యాక మారండి. ఆ కాలేజీలో పని గంటలు, జీతం, పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకునే వేళ, వీటిని బట్టి తేల్చుకోవాల్సిన విషయం అది. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను బట్టి కాదు.